వృద్ధుల మంచం పక్కన సంఘకాపరి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని ప్రస్తావించాయి. సంఘంలో వయసు మళ్లినవారిని ఆదరించడానికి పాస్టర్లకూ విశ్వాసులకూ ప్రత్యేకమైన శిక్షణ అవసరమా, అవసరమైతే అది ఎక్కడ దొరుకుతుంది, దానిలో ఏమి నేర్చుకోవాలి అని పలువురు అడిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. మన గ్రామ సంఘాలలో ఆదివారం ఉదయం ముందు వరుస చాపల మీదా కుర్చీలలోనూ కూర్చునేవారిని చూస్తే లెక్కలు చదవనక్కరలేదు. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ ఉత్తరాలకే జవాబు వ్రాస్తున్నాను.

ప్రశ్న: నేను బి.డి. అనే వేదాంత పట్టా చదువు ముగించి రెండేళ్లుగా గోదావరి ప్రాంతంలోని ఒక గ్రామ సంఘంలో పరిచర్య చేస్తున్నాను. గుడికి రాలేని వృద్ధులు నా సంఘంలో 19 మంది ఉన్నారు. ప్రతి ఇంటికీ వెళ్తాను, ఒక కీర్తన చదువుతాను, ప్రార్థన చేస్తాను, పది నిమిషాలలో లేచి వస్తాను. వారు సంతోషంగానే సాగనంపుతారు గాని నేను చేయవలసినది చేయలేదన్న భావం నన్ను వదలడం లేదు. నాకు ఏ శిక్షణ కావాలి? – ఒక యువ పాస్టరు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఆ "పది నిమిషాలు". నెలవారీ నివేదికలో దర్శించిన ఇళ్ల సంఖ్యను అందరమూ వ్రాస్తాము గాని ఒక్కొక్క ఇంట ఎంతసేపు కూర్చున్నామో ఎవరమూ వ్రాయము. మీరు లెక్కపెట్టుకున్నారంటే నేర్చుకోవడం అప్పుడే మొదలైందని నా ఉద్దేశం.

వేదాంత పట్టాలు ఇచ్చే శ్రీరాంపూర్ సెనేట్ పరిధిలోని కళాశాలలలో కాపరి సేవ, కౌన్సెలింగ్ పాఠ్యాంశాలుగానే ఉన్నాయి. వివిధ తెలుగు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో నెలకొల్పి, తరువాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కూడా ఆ పరిధిలోనిదే. అయితే తరగతి గదిలో విన్నది మంచం పక్కన అక్కరకు రావాలంటే మరొక విధమైన చదువు కావాలి. అమెరికాలో ఆంటన్ బాయిసెన్ అనే పాదిరిగారు 1925లో వూస్టర్ పట్టణపు మానసిక వైద్యశాలలో దానిని ప్రారంభించారు. ఆయన అంతకు కొన్నేళ్ల ముందు స్వయంగా మతి చలించి మానసిక వైద్యశాలలో రోగిగా గడిపినవాడు. వేదాంత విద్యార్థులు పుస్తకాలను ఎంత శ్రద్ధగా చదువుతారో బాధపడుతున్న మనుషులను కూడా అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన పట్టుదల. దీనినే ఇప్పుడు క్లినికల్ పాస్టొరల్ ఎడ్యుకేషన్ అంటున్నారు. అమెరికాలో దీనిలో ఒక యూనిట్ అంటే 400 గంటలు, అందులో ఎక్కువ భాగం రోగుల దగ్గర గడిపే సమయమే. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు బాప్టిస్టు ఆసుపత్రి వంటి చోట్ల చాప్లైన్లు, అంటే ఆసుపత్రి పాదిరులు, ఈ శిక్షణ ఇస్తున్నారు. మీ డయాసిస్ లేక సినడు అనుమతి ఇచ్చి, మీ సంఘం కొన్ని వారాలు మిమ్మల్ని విడిచిపెడితే తప్పక వెళ్లండి.

వెళ్లడానికి వీలుపడకపోయినా ఈ చదువులోని ముఖ్యమైన పనిముట్టు మీ చేతికి అందేదే. అది సంభాషణ నివేదిక. దర్శనం ముగించి ఇంటికి రాగానే, మరచిపోకముందే, ఆ వృద్ధులు ఏమన్నారో మీరు ఏమన్నారో నాటకంలోని సంభాషణల వలె వరుసగా కాగితం మీద పెట్టాలి. మధ్యలో వచ్చిన మౌనాలను, వారు ముఖం తిప్పుకున్న క్షణాన్ని, మీరు గడియారం చూసుకున్న క్షణాన్ని కూడా వ్రాయాలి. పేర్లు తీసివేసి, దానిని మీకంటే అనుభవం గలవారి ముందో తోటి పాస్టర్ల ముందో చదవాలి.

నేను వ్రాసిన మొదటి నివేదిక నాకు ఇప్పటికీ గుర్తున్నది. పక్షవాతంతో మంచం పట్టిన ఒక అమ్మగారు "మా పెద్దోడు ఫోను చేసి నెల దాటింది బాబూ" అన్నారు. నేను "దేవుడు మిమ్మల్ని మరచిపోడమ్మా" అన్నాను. ఆమె "అవును బాబూ" అని ఊరుకున్నారు. నేను ప్రార్థన చేసి లేచాను. మంచి దర్శనమే చేశానని అనుకున్నాను కూడా. కాగితం చదివి వినిపించినప్పుడు మా గురువుగారు ఒక్క ప్రశ్న వేశారు: "ఆమె కొడుకు సంగతి చెబుతుంటే నువ్వు దేవుని సంగతి ఎందుకు ఎత్తావు?" నాకు జవాబు తోచలేదు. కొడుకు మీద ఆమెకు కోపం ఉండి ఉండవచ్చు, వాడిని నలుగురిలో తక్కువ చేయకూడదన్న తాపత్రయమూ ఉండి ఉండవచ్చు, వాడికి ఏమైనా అయిందేమోనన్న భయమూ ఉండి ఉండవచ్చు. అదంతా పైకి రాకముందే నేను ఒక మంచి మాటతో మూత పెట్టాను. ఆ మాట అబద్ధం కాదు, కాని నేను దానిని ఆమె కోసం కాక, ఆ దుఃఖాన్ని చూడలేని నా కోసమే చెప్పుకున్నాను. ప్రార్థన కూడా ఇలాగే వాడుకలో పడిపోతుంది. మనకు లేచి వెళ్లాలనిపించినప్పుడు "ప్రార్థన చేసుకుందాం" అంటాము. వృద్ధులకు ఆ సంగతి బాగా తెలుసు. చెప్పబోతున్న మాటను మింగి వెంటనే తల మీద కొంగు కప్పుకొంటారు.

కాబట్టి మీరు ఉన్న మండలంలోనే, ఏ సంఘశాఖవారైనా సరే, ముగ్గురు నలుగురు పాస్టర్లు నెలకు ఒక సాయంత్రం కూడుకొని తలా ఒక నివేదిక చదువుకోండి. ప్రసంగాలను మెచ్చుకున్నట్లు ఒకరినొకరు మెచ్చుకోవడం మొదలుపెడితే మాత్రం ఆ కూటం వ్యర్థం. ఇక్కడ ఎవరి గొప్పతనాన్నీ నిరూపించనవసరం లేదు. ఫలానా చోట ఆ పెద్దాయన ఒక తలుపు తెరిచాడు, నువ్వు లోపలికి వెళ్లలేదు అని స్నేహంగా చూపించగలిగితే చాలు.

దీనితోపాటు రెండవ సమూయేలు 19వ అధ్యాయంలోని బర్జిల్లయి కథను నెమ్మదిగా చదవండి. 80 ఏళ్ల ఆ పెద్దమనిషిని దావీదు రాజు తనతో యెరూషలేముకు వచ్చి తన బల్ల వద్ద ఉండమన్నాడు. బర్జిల్లయి తనకు తిండి రుచి తెలియడం లేదని, గాయకుల పాట వినిపించడం లేదని, తన ఊరిలో తలిదండ్రుల సమాధి దగ్గరే కన్నుమూస్తానని, తనకు బదులుగా కిమ్హామును తీసుకువెళ్లమని చెప్పాడు. దావీదు బ్రతిమాలలేదు, వాదించలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి, ఆయన కోరినట్లే చేశాడు. వయసు తన దగ్గరనుండి ఏమి తీసుకుపోయిందో ఆ వృద్ధుడే చెప్పాడు, ఎక్కడ ఉండాలో ఆయనే నిర్ణయించాడు, రాజు విన్నాడు. మన ఇళ్లలో ఈ క్రమం తలక్రిందులై, పిల్లలూ డాక్టరూ పాస్టరూ మాట్లాడుకుంటుంటే మంచం మీది మనిషి వింటూ ఉంటారు.

పాత సంగతులే మళ్లీ మళ్లీ చెబుతున్నారని విసుగు చెందకండి. వృద్ధాప్యంలో గతాన్ని తిరగతోడుకోవడం చాదస్తం కాదని, జీవితపు లెక్కలు చూసుకొనే పని అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1963లోనే వివరించారు. అదే కథ నాలుగవసారి వస్తున్నదంటే దానిలో ఇంకా తెగని ముడి ఏదో ఉన్నదన్న మాట. "అప్పుడు మీ నాన్నగారు ఏమన్నారు?", "ఆ తరువాత మీరిద్దరూ మాట్లాడుకున్నారా?" అని ఒక ప్రశ్న వేసి చూడండి. నలభై ఏళ్లుగా మాటలు లేని తమ్ముడి పేరు అప్పుడు బయటికి రావచ్చు.

చిన్న మెలకువలు కొన్ని ఉన్నాయి గాని వాటికి పెద్ద శిక్షణ అక్కరలేదు. నిలబడి మాట్లాడకుండా, వారి కళ్లకు మీ కళ్లు సమానమైన ఎత్తులో ఉండేటట్లు కుర్చీ లాక్కొని కూర్చోండి. వినికిడి తగ్గినవారి దగ్గర అరవకండి, వెలుగు మీ ముఖం మీద పడేటట్లు ఎదురుగా కూర్చొని నిదానంగా మాట్లాడండి. టీవీ ఆపవచ్చునా అని అడగండి. 19 ఇళ్లనూ ఒకే వారంలో చుట్టిరావాలనుకోకండి. వారానికి నాలుగైదు ఇళ్లు, ఒక్కొక్క ఇంట అరగంట చొప్పున పెట్టుకుంటే నెలకు అందరినీ ఒకసారి చూడగలరు.

ప్రశ్న: మా అమ్మగారు 30 ఏళ్లు సండేస్కూలు నడిపారు. ఇప్పుడు ఆమెకు ఆల్జీమర్స్ వ్యాధి. మా పాస్టరుగారు వచ్చినప్పుడల్లా "నేనెవరో చెప్పండి చూద్దాం" అని అడుగుతారు. ఆమె తెల్లబోయి చూస్తుంది, తరువాత గంటసేపు ఏడుస్తుంది. ప్రభురాత్రి భోజన సంస్కారం అర్థం కానివారికి ఇవ్వవచ్చునా అని సంఘపెద్దలలో కూడా సందేహం ఉంది. – ఒక కుమార్తె, గుంటూరు

జవాబు: పాస్టరుగారు ప్రేమతోనే అడుగుతూ ఉండవచ్చు గాని అది పరీక్ష. ఆ పరీక్షలో మీ అమ్మగారు ప్రతిసారీ తప్పుతున్నారు. పేరు మరచిపోయినా, తాను ఓడిపోయానన్న సంగతి ఆమెకు తెలుస్తున్నది, ఆ ఏడుపు దానిదే. ఈసారి ఆయన గుమ్మంలోకి రాగానే "అమ్మగారూ, నేను మన గుడి పాస్టరును, మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను" అని తానే చెప్పుకోవాలని మీరు ముందుగా ఫోనులో చెప్పండి. మొహమాటపడవద్దు. సాయంత్రం పొద్దుగూకే వేళ ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి కలవరం పెరుగుతుంది కాబట్టి, ఉదయం టిఫిను అయిన తరువాత రమ్మనడం మంచిది.

క్రొత్త జ్ఞాపకాలు ముందుగా చెరిగిపోయినా, చిన్ననాడు పాటగా నేర్చుకున్నది చాలాకాలం నిలిచి ఉంటుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆమె పిల్లలకు నేర్పినదేదో మీకు తెలిసి ఉంటుంది. పాస్టరుగారు ప్రసంగం మాని ఆ కీర్తన మొదటి చరణం అందుకుంటే, తన కూతురి పేరు చెప్పలేని మనిషి రెండవ చరణం పాడటం నేను ఒకటికి రెండు ఇళ్లలో చూశాను. ప్రతి ఒక్కరి విషయంలోనూ ఇలా జరుగుతుందని మాట ఇవ్వలేను. పాడకపోయినా మీ చేతిని పట్టుకొని తాళం వేస్తే అదీ జవాబే.

సంస్కారం విషయంలో సంఘాల క్రమాలు వేరువేరుగా ఉన్నాయి, మీ సంఘ నియమాన్ని నేను ఇక్కడినుండి మార్చలేను. నా అభిప్రాయం మాత్రం ఇది. ఆమె బాప్తిస్మం పొంది, ఏళ్ల తరబడి ఆ బల్లలో పాలుపొందిన మనిషి. అర్థం చేసుకునే శక్తి ఉన్నవారికే ఆ బల్ల అని లెక్క కడితే మనలో ఎందరం మిగులుతామో నాకు తెలియదు. ఇవ్వాలనే నేను చెబుతాను. అయితే ఇచ్చే విధానంలో జాగ్రత్త కావాలి. ఈ వ్యాధి ముదిరేకొద్దీ, పక్షవాతం వచ్చినవారిలో కూడా, మింగడం కష్టమవుతుంది. నీళ్లు తాగేటప్పుడు ఆమెకు పొలమారుతున్నదా అని పాస్టరుగారు మిమ్మల్ని ముందే అడగాలి. నిటారుగా కూర్చోబెట్టి, రొట్టెను అతి చిన్న ముక్కగా చేసి, ద్రాక్షారసంలో తడిపి పెట్టడం మేలు. అదీ కష్టమైతే డాక్టరును అడిగిన తరువాతే ఇవ్వాలి.

మరొక మాట, ఇది ఆమెను చూడవచ్చే ప్రతివారికీ తెలియాలి. మరపు నెలల తరబడి నెమ్మదిగా పెరిగేది. నిన్న మొన్నటివరకు ఒక తీరుగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజులలో ఉన్నట్టుండి తికమకపడటం, లేనివి కనిపిస్తున్నాయనడం, పగలంతా మగతగా పడి ఉండటం జరిగితే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, క్రొత్తగా వేసిన మాత్ర వంటివి దానికి కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. దయ్యం పట్టిందని చేతులుంచి ప్రార్థించడానికి ఎవరైనా బయలుదేరితే, వారికంటే ముందు ఆటోను పిలవండి.

ప్రశ్న: మా సంఘంలో భార్య పోయిన ఒక పెద్దాయన ఎప్పుడు వెళ్లినా "ప్రభువు నన్నెందుకు తీసుకుపోడు" అంటున్నారు. అలా అనడం అవిశ్వాసమని ఒక పెద్ద మందలించారు. మేము ఏమనాలి? – ఒక సంఘపెద్ద, ప్రకాశం జిల్లా

జవాబు: మందలించిన పెద్దగారు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయాన్ని మరొకసారి చూడాలి. ఏలీయా బదరీవృక్షం క్రింద కూర్చొని, చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు గద్దించలేదు. పడుకోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ పెట్టించాడు. మాట్లాడటం తరువాత. ఆ పెద్దాయన ఒంటరిగా వండుకుంటున్నారా, అసలు తింటున్నారా, నిద్ర పడుతున్నదా అన్నది మీరు తెలుసుకోవలసిన మొదటి సంగతి.

ఆ ఒక్క మాట వెనుక అనేక అర్థాలు ఉండవచ్చు. నిండు జీవితం గడిపి, వెళ్లడానికి సిద్ధంగా ఉన్న మనిషి నెమ్మదిగా అనే మాట కావచ్చు. ఆమె లేని ఇంటిలో పొద్దు గడవక అనే మాట కావచ్చు. లేక నిజంగానే ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కావచ్చు. ఏదో తెలియాలంటే అడగాలి. "మామయ్యగారూ, మీరే ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తున్నదా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అలా అడగడంవల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగినవారి ఎదుట చాలామంది బరువు దించుకుంటారు. అవునని చెబితే ఆ రాత్రి ఆయనను ఒంటరిగా ఉంచకండి. ఇంటిలో పురుగుమందు డబ్బా ఉంటే, ఎక్కువ మాత్రలు ఉంటే, అక్కడనుండి తీసివేయండి, పిల్లలకు చెప్పండి, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. రహస్యంగా ఉంచమని ఆయన కోరినా, ప్రాణం మీదికి వచ్చిన విషయాన్ని రహస్యంగా ఉంచలేమని ముందే చెప్పండి.

భార్య పోయిన తరువాత ఆదరణ కూటం వరకు ఇల్లంతా మనుషులే. ఆ తరువాత మూడవ నెలలోనో, ఆమె లేని మొదటి క్రిస్మస్‌కో ఎవరూ రారు. డైరీలో ఆ తేదీలు వ్రాసుకోండి.

ప్రశ్న: పిల్లలు చూడటం లేదని ఒక విధవరాలు తన ఇంటి స్థలాన్ని సంఘానికి వ్రాస్తానంటున్నారు. విల్లు వ్రాయించి సాక్షి సంతకం పెట్టమని నన్నే అడుగుతున్నారు. – ఒక పాస్టరు, ఖమ్మం జిల్లా

జవాబు: పెట్టవద్దు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం విల్లుకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, సాక్షికి గాని సాక్షి భార్యాభర్తలకు గాని ఆ విల్లులో వ్రాసిన కానుక చెల్లదు. ఇక్కడ కానుక మీకు కాదు, సంఘానికి కాబట్టి చట్టం అడ్డురాకపోవచ్చు గాని, ఆమె మంచం పక్కన తరచుగా కూర్చునేవారే సాక్షి అయితే రేపు పిల్లలు కోర్టులో అడిగే మొదటి ప్రశ్న మీ గురించే. ఆమె తన సొంత వకీలును పెట్టుకోవాలి. ఆ సంభాషణలో మీరు గదిలో ఉండకూడదు.

మరణానికి 12 నెలల ముందే వ్రాయకపోతే క్రైస్తవులు మత, ధర్మ కార్యాలకు విల్లు వ్రాయడం కుదరదని పాత పాస్టర్లు కొందరు ఇంకా చెబుతూ ఉంటారు. దగ్గరి బంధువులు ఉన్నవారి విషయంలో అదే వారసత్వ చట్టంలోని 118వ సెక్షను అలాగే ఉండేది. దానిని సుప్రీంకోర్టు 2003లో, జాన్ వల్లమట్టం కేసులో కొట్టివేసింది. ఆమెకు ఆ అడ్డంకి ఇప్పుడు లేదు. అయినా, కోపంలో వ్రాసేదానికీ కోరి వ్రాసేదానికీ తేడా ఉన్నది, ఆ తేడా తెలుసుకోవడమే ఇక్కడ మీ పని. ఆమె నిజంగా అడుగుతున్నది పిల్లల పోషణ అయితే, దానికి 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉన్నది. ట్రిబ్యునలు నెలకు 10,000 రూపాయలవరకు పోషణ ఇప్పించగలదు. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి వ్రాయించుకొని చూడకపోతే, 23వ సెక్షను క్రింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఎల్డర్‌లైన్ అనే వృద్ధుల సహాయ కేంద్రానికి 14567లో ఫోను చేస్తే దారి చెబుతారు. మీరు ఆమెకు తోడుగా ఆ ట్రిబ్యునలు ఉండే ఆర్డీవో కార్యాలయానికి వెళ్లండి, అందులో ఎవరూ తప్పు పట్టరు.

ఆదికాండం 27ను ఆశీర్వాదం గురించి ఎన్నోసార్లు బోధిస్తాము. చూపు మందగించిన ఒక తండ్రిని ఇంటివారే ఎలా మోసగించారో చెప్పే అధ్యాయంగా మాత్రం దానిని ఏ పాస్టరూ చదవగా నేను వినలేదు.

ప్రశ్న: మా స్త్రీల మైత్రి సభ్యులు పదిమంది వృద్ధుల ఇళ్లకు వెళ్లడానికి ముందుకు వచ్చారు. వీరికి మేమే శిక్షణ ఇవ్వగలమా? – కార్యదర్శి, హైదరాబాదు

జవాబు: ఇవ్వగలరు. ఆరు శనివారాలు చాలు. వాటిలో సగం సమయమైనా మాటలు వినడం నేర్చుకోవడానికి కేటాయించండి. ఒకరు వృద్ధురాలిగా, ఒకరు దర్శించవచ్చినవారిగా నటించి, ఐదు నిమిషాలు సలహా ఇవ్వకుండా, వాక్యం చెప్పకుండా కూర్చోవాలని నియమం పెట్టండి. రెండు నిమిషాలు దాటేసరికి అందరికీ నవ్వు వస్తుంది, అదే మొదటి పాఠం.

ఒక శనివారం మీ సంఘంలోని నర్సును పిలవండి. తెలుగు సంఘాలలో నర్సులకు కొదువ లేదు, వారిని పాటలకూ వంటలకూ తప్ప దేనికీ పిలవము. పడిపోయినవారిని ఎలా లేపాలో, ఎప్పుడు లేపకూడదో ఆమె చూపిస్తారు. షుగరు మాత్రలూ ఇన్సులినూ వాడేవారు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలలో ఉపవాసం ఉంటే ఏమి జరుగుతుందో కూడా చెప్పించండి. చెమటలు పట్టి, వణికి, స్పృహ తప్పేవరకు రావచ్చు. మాత్ర మానడం విశ్వాసానికి గుర్తు అని ఎవరైనా బోధించి ఉంటే, మీ సభ్యులు ఆ ఇళ్లలో పాస్టరుగారి నోటనే దానిని సరిచేయించాలి. నొప్పి గురించి కూడా ఆమెనే మాట్లాడమనండి. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలోని రోగులను ఆదరించే ఆశ్రమం) స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత సామాజిక కార్యకర్త, ఆ తరువాత డాక్టరు. శరీరపు నొప్పి, మనసు దిగులు, ఇంటివారి గురించిన బెంగ, దేవుని గురించిన ప్రశ్న అన్నీ కలిసి ఒకే బాధగా వస్తాయని ఆమె చూపించారు. ముంబయిలో 1986లో మొదలైన శాంతి ఆవేదన సదన్ మన దేశంలో ఆ బాటలో నడిచిన తొలి హాస్పిస్.

ఇక నేను గట్టిగా చెప్పదలచినది గోప్యత గురించి. మన మధ్య చాడీలకు "ప్రార్థన విన్నపం" అని మరొక పేరు ఉన్నది. "ఫలానా అమ్మగారి కోడలు అన్నం సరిగా పెట్టడం లేదట, ప్రార్థన చేయండి" అని వాట్సాప్ గుంపులో పెడితే, ఆ సాయంత్రానికి ఆ కోడలికి తెలుస్తుంది, రాత్రికి ఆ అమ్మగారికి అన్నం ఇంకా ఆలస్యమవుతుంది. ఇంటిలో విన్నది ఆ పదిమంది బృందానికి బాధ్యురాలైన ఒక్కరికే చెప్పాలి. కొట్టడం, ఆకలితో ఉంచడం వంటివి కనిపిస్తే ఆ బాధ్యురాలు పాస్టరుగారితో కలిసి వెంటనే కదలాలి.

పిల్లలు అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న ఇళ్లకు వెళ్లినప్పుడు వారిని నిందించవద్దని మీ సభ్యులకు చెప్పండి. ఆ తల్లి తానే పొదుపు చేసి పంపింది. పిల్లలను తిట్టినవారిని మళ్లీ ఇంటికి రానివ్వదు. దానికి బదులు, వీడియో కాల్ కలిపి పెట్టి పక్క గదిలోకి వెళ్లి కూర్చోవడం మంచి పరిచర్య. తాను పోతే పిల్లలు వచ్చేవరకు ఫ్రీజరు పెట్టెలో ఉంచుతారేమోనన్న భయం చాలామందికి ఉన్నది, నోరు తెరిచి అడగరు. సమాధి కార్యక్రమం ఎలా జరగాలో, ఏ పాట పాడాలో అడిగి వ్రాసిపెడతామంటే ఎంత ఉత్సాహంగా చెబుతారో మీరే చూస్తారు.

ప్రశ్న: మా గుడికి మూడు మెట్లు ఉన్నాయి. చక్రాల కుర్చీకి ఏటవాలు దారి వేయిస్తామంటే ఎంత పొడవు ఉండాలి? – కోశాధికారి, తెనాలి

జవాబు: ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. మీ మూడు మెట్లూ కలిపి అడుగున్నర అయితే 18 అడుగులు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. పునాదిరాయి మీద దాతల పేర్లకు ముందు ఈ దారికి డబ్బు కేటాయించండి.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మోకాళ్లవల్ల గుడికి వెళ్లలేను. అందరూ వచ్చి నాకోసం ప్రార్థన చేసి వెళ్తారు, నన్ను ఏమీ అడగరు. ఇక నేను పనికిరానట్లేనా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ఒక్క అక్షరదోషం కూడా లేదు, ఈ నెల వచ్చినవాటిలో అలాంటిది ఇదొక్కటే. మీ పాస్టరుగారికి ఈ పేజీ చూపించి, మొదటి జవాబులో నేను చెప్పిన సంభాషణ నివేదికను మీ ఇంటి దర్శనంతోనే మొదలుపెట్టమనండి. వ్రాసిన తరువాత దానిని మీకే తెచ్చి చూపమనండి. మీరు అన్న మాటలు మీరు అన్నట్లే ఉన్నాయా, ఆయన ఎక్కడ వినలేదు, ఎక్కడ తొందరపడి ప్రార్థన ఎత్తుకున్నారు అన్నది మీకంటే బాగా చెప్పగలవారు ఏ వేదాంత కళాశాలలోనూ లేరు. ఎర్ర సిరా పెన్ను ఇంకా దగ్గరే ఉంచుకున్నారనుకుంటాను.